చెంబు వేయాలా, చేట వేయాలా? ఇంటి వస్తువుల్ని నీటిరంగుల్లో సూక్ష్మంగా వేసేవారికి ఎంపిక సలహా

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, జయపురం వైపు తెలుగు ఇళ్లలో బొమ్మకు పనికొచ్చే వస్తువుకు కరువు లేదు. పూజగదిలో ఇత్తడి చెంబు, వంటింట్లో కంచు గిన్నె, గోడకు వేలాడే వెదురు చేట, బీరువాలో బరంపురం పట్టు, అద్దం దగ్గర పర్లాకిమిడి కొమ్ము దువ్వెన. వీటిలో ఒకదాన్ని ఎదురుగా పెట్టుకుని, దాని మీది నొక్కూ గీతా మెరుపూ వదలకుండా నీటిరంగుల్లో వేయాలనుకునేవారు చాలామంది ముందు రంగుల పెట్టె కొంటారు, తర్వాత కుంచెలు, ఆఖరికి మిగిలిన డబ్బుతో కాగితం. మా లెక్కలో ఆ వరస తలకిందులు. ముందు తేల్చుకోవాల్సింది వస్తువు. అది నున్నగా ఉందా, గరుకుగా ఉందా, వెలుగును తిప్పికొడుతుందా, లోపలికి రానిస్తుందా అన్నదాన్ని బట్టి కాగితం, కాగితాన్ని బట్టి పద్ధతి, పద్ధతిని బట్టి రంగులూ కుంచెలూ. ఈ పోలిక ఆ వరసలోనే నడుస్తుంది.

ఏ వస్తువు?

కొత్తవారి తప్పుల్ని అన్నిటికన్నా ఎక్కువగా ఓర్చుకునేది మట్టి దాక. దానికి మెరుపు లేదు, కాబట్టి తెల్లగా వదలాల్సిన చోట్లు లేవు. రంగు కాస్త మచ్చగా ఆరినా మట్టి తీరుగానే కనిపిస్తుంది. బర్న్ట్ సియెన్నా అనే ఎరుపు గోధుమరంగులో కొద్దిగా గులాబీ ఎరుపు కలిపితే మట్టి రంగు, అందులోనే అల్ట్రామెరైన్ నీలం కలిపితే నీడ రంగు వచ్చేస్తాయి. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లో పేరుకుంటాయి. ఆ రవ్వరవ్వ తీరు మట్టి గరుకుదనాన్ని మనం ఏమీ చేయకుండానే తెచ్చిపెడుతుంది. పొయ్యి మీద మసిబారిన అడుగుభాగం అయితే ఇంకా మంచిది: ఆ నలుపులో నీలం, గోధుమ, ఊదా మూడూ ఉంటాయి, నల్లరంగు ట్యూబు అక్కర్లేదు.

దాకలో అసలు పరీక్ష గీతలోనే ఉంది. మూతి ఒక సాగిన వృత్తం, అడుగు మరొకటి. పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు వృత్తం మూతికన్నా ఎక్కువ గుండ్రంగా తెరుచుకుని కనిపించాలి. చాలా బొమ్మల్లో అడుగు చదునుగా, రూళ్లకర్రతో గీసినట్టు ఉంటుంది, మూతి రెండు కొసలూ కళ్ల చివర్లలా మొనదేలి ఉంటాయి. అప్పుడు రంగు ఎంత బాగా వేసినా దాక బల్ల మీద కూర్చోదు. కాగితం మధ్యలో నిలువు గీత ఒకటి సన్నగా గీసుకుని, దానికి రెండు వైపులా దూరాలు డివైడర్‌తో కొలిచి సరిచూసుకుంటే ఈ తప్పు రాదు.

ఇత్తడి చెంబు దీనికి పూర్తిగా ఎదురు. ఇత్తడి అనగానే పసుపు అనుకుంటాం. బొమ్మ వేయడానికి కూర్చుని చూస్తే చెంబు ఒంటి మీద పసుపు సగం కూడా ఉండదు. ముదురు గోధుమ పట్టీలు, దాదాపు నలుపు, కిటికీ పడిన చోట తెలుపు, ఆకాశం పడిన చోట లేత నీలం, పక్కనున్న అరటాకు పచ్చ. వీటి మధ్య అంచులు పదునుగా ఉండాలి. లోహాన్ని లోహంగా చూపించేది రంగు కాదు, ఆ పదునైన అంచే. ముదురుకూ తెలుపుకూ మధ్య మెత్తగా కలిపేస్తే అది ఇత్తడి కాదు, పసుపు ప్లాస్టిక్ అవుతుంది.

చెంబుతో వచ్చే చిక్కు ఇంకొకటి: మీ తల కదిలితే ప్రతిబింబాలు కదులుతాయి. కుర్చీ కాళ్లు ఎక్కడున్నాయో నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. తెలుపో బూడిదరంగో చొక్కా వేసుకోండి, ఎర్ర చీర కట్టుకుని కూర్చుంటే చెంబు నడుము ఎర్రబడుతుంది. వరస ఇలా: మెరుపుల హద్దులు పెన్సిల్‌తో చాలా సన్నగా, నీలం పడే చోటు, తెలుపు చోటు వదిలేసి మిగతా అంతటా పలుచని ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), పూర్తిగా ఆరాక బర్న్ట్ సియెన్నా, అది ఆరాక బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపిన ముదురు. నీలం ప్రతిబింబాన్ని ఆఖర్న పసుపు మీద వేద్దామనుకోవద్దు. అక్కడ ఆకుపచ్చ తేలుతుంది. దానికి మొదటినుంచీ తెల్ల కాగితమే వదలాలి.

కంచు గిన్నె చెంబుకన్నా ఒక మెట్టు కష్టం. రాగి, తగరం కలిసిన లోహం కాబట్టి పసుపు తగ్గి బూడిద గోధుమ వైపు మొగ్గుతుంది. సుత్తి దెబ్బల గుర్తులున్న పాత గిన్నె అయితే ప్రతి చిన్న పలకకూ తన వెలుగూ తన నీడా ఉంటాయి. అన్నీ వేయాలని చూడకండి. వెలుగూ నీడా కలిసే పట్టీలో ఉన్నవాటిని మాత్రమే పూర్తిగా వేసి, బాగా వెలుగులో ఉన్నవాటినీ బాగా చీకట్లో ఉన్నవాటినీ సూచనగా వదిలేస్తే కన్ను మిగతాది పూరించుకుంటుంది. గంజాం జిల్లా బెల్లగుంఠలో చేసే, ఒళ్లు వంగే ఇత్తడి చేపకూ ఇదే సూత్రం. పొలుసులన్నీ సమానంగా వేసిన చేప రేకులా చదునుగా కనిపిస్తుంది.

కొమ్ము దువ్వెన మాకు ప్రత్యేకంగా ఇష్టమైన వస్తువు, ఎందుకంటే అది కంటి అలవాటును తిరగేస్తుంది. గట్టి వస్తువులో వెలుగుకు ఎదురు వైపు చీకటిగా ఉంటుంది. పలుచని కొమ్ములో వెలుగు లోపలికి చొరబడి అవతలి అంచున తేనెరంగులో బయటపడుతుంది. అంటే నీడ ఉండాల్సిన వైపే వెచ్చగా వెలుగుతుంది. ముందు దువ్వెనంతటికీ పలుచని ఓకర్, బర్న్ట్ సియెన్నా పూత. అది ఆరాక మధ్యభాగంలో ముదురు, అంచులను మాత్రం మొదటి పూతలోనే వదిలేయాలి. పళ్లను మొదలు నుంచి కొనకు ఒక్కొక్క గీతగా లాగాలి. పళ్ల లెక్క తప్పితే ఎవరూ పట్టుకోరు, పళ్ల మధ్య సందులు హెచ్చుతగ్గులైతే అందరూ పట్టుకుంటారు. కాగితం మీద పడిన నీడలో కూడా కొంచెం తేనెరంగు ఉంటుంది, దాన్ని వట్టి బూడిదరంగుతో వేస్తే కొమ్ము కొమ్ములా ఉండదు.

వెదురు చేట రంగుల పని కాదు, గీత పని. మొత్తం సమయంలో సగానికి పైగా పెన్సిల్‌కే పోతుంది. అంచు ముందు, తర్వాత నిలువు అడ్డం పట్టీల్లో ప్రతి అయిదోదీ, తర్వాత మధ్యవి. ఒక్క వరసలో పైకీ కిందికీ అల్లిక తప్పితే అక్కడినుంచి అంతా తప్పు, చెరిపితే కాగితం పాడు. అందుకే దీన్ని పలుచని మామూలు కాగితం మీద గీసి, కిటికీ అద్దానికి ఆనించి మంచి కాగితం మీదికి ఎక్కించుకోవాలి. రంగు వేసేటప్పుడు పట్టీలను కాదు, పట్టీల మధ్య చీకటి సందులను వేయండి. సందులు సరిగ్గా పడితే పట్టీలు వాటంతట అవే లేచి నిలబడతాయి.

బరంపురం పట్టు మడత, ముఖ్యంగా ఫొడా కుంభ అంచు (గుడి గోపురాల వరసలాంటి అంచు) ఉన్నది, తొలి ఏడాది వద్దు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన పట్టులో మడత తిరిగిన ప్రతిచోటా రంగు మారుతుంది, దానికి తోడు అంచు బొమ్మ మడతతో పాటు వంగాలి. నేత బట్టే వేయాలనిపిస్తే కోట్‌పాడ్ నూలు మంచి మొదలు: మెరుపు లేదు, చెట్టు వేరు నుంచి తీసే ఆ ఎరుపు గోధుమలు మూడు రంగుల్లోనే కుదురుతాయి.

కూరగాయల సంగతికి వస్తే, చూడాల్సింది అందం కాదు, ఆయుష్షు. వంకాయ తొడిమ ఒకటి రెండు రోజుల్లో ముడుచుకుంటుంది, కాబట్టి తొడిమ ముందు పూర్తిచేసి కాయ తర్వాత వేయాలి. మునక్కాయ వంగుతుంది. పసుపు కొమ్ము, అల్లం, చింతకాయ, ఎండు కొబ్బరి చిప్ప వారాల తరబడి అలాగే ఉంటాయి. రోజుకు అరగంట మాత్రమే దొరికేవారు వాడిపోయేదాన్ని ఎంచుకోవద్దు, రెండో రోజుకే వేరే వస్తువు ఎదురుగా ఉంటుంది.

గొప్ప వస్తువు కావాలన్న నియమం ఎప్పుడూ లేదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1503లో వేసిన నీటిరంగుల బొమ్మ ఒకటి వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. అందులో ఉన్నది మట్టితో సహా పెకలించిన ఒక గడ్డిపెళ్ల, అంతే.

కాగితం: ఇక్కడే డబ్బు పెట్టండి

మూడు విషయాలు చూడాలి: దేనితో చేశారు, పైభాగం ఎలా ఉంది, బరువెంత.

చెక్క గుజ్జు కాగితం చవక. దాని మీద మొదటి పూత బాగానే ఉంటుంది, రెండోది పర్వాలేదు, మూడో పూత వేస్తుంటే కిందిది లేచి కలిసిపోతుంది. చెంబుకు నాలుగు, దువ్వెనకు అయిదారు పూతలు కావాలి కాబట్టి అక్కడ చేతులెత్తేస్తుంది. నూటికి నూరు పాళ్లు నూలు కాగితం రంగును పీచులోకి తీసుకుని పట్టుకుంటుంది, పై పూత కిందిదాన్ని కదపదు. బురద రంగులు వస్తున్నాయని రంగుల పెట్టెను తిట్టుకునేవారిలో చాలామందికి అసలు జబ్బు కాగితంలో ఉంటుంది. కాన్సన్ ఎక్స్ఎల్, మోన్వాల్ లాంటివి గుజ్జు కాగితాలు. ఆర్షెస్, సాండర్స్ వాటర్‌ఫోర్డ్, ఫాబ్రియానో ఆర్టిస్టికో, బావోహాంగ్ నూలువి. బ్రస్ట్రో రెండు రకాలూ అమ్ముతుంది, కవరు మీద 25 శాతం నూలు అని ఉందా, 100 శాతమా అని చదివి తీసుకోండి. నీళ్లు వెంటనే ఇంకిపోకుండా కాగితానికి జిగురు పట్టిస్తారు, ఆర్షెస్‌లో అది జంతు జిగురు. అది వద్దనుకునేవారికి ఫాబ్రియానో ఆర్టిస్టికో ఉంది.

ధర చూసి భయపడితే పుస్తకంగా కాక పెద్ద షీటుగా కొనండి. 56×76 సెంటీమీటర్ల ఒక్క షీటు కోస్తే 28×19 సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిది వస్తాయి. చెంబుకూ దువ్వెనకూ ఆ కొలత చాలు. సాధన గుజ్జు కాగితం మీద చేసి అసలు బొమ్మ నూలు మీద వేద్దామన్న పొదుపు పని చేయదు. రెండింటి మీదా నీళ్లు నడిచే తీరు వేరు కాబట్టి ఒకదాని మీద నేర్చుకున్నది రెండోదానికి అక్కరకు రాదు. గీత సాధనకు మాత్రం ఏ కాగితమైనా సరే.

పైభాగం సంగతి వస్తువును బట్టి. నున్నటి హాట్ ప్రెస్ మీద వెంట్రుకంత గీత తెగకుండా సాగుతుంది: దువ్వెన, కంచు, పట్టు, వంకాయ దీనికి. కానీ దాని మీద పెద్ద పూత చారలు పడుతుంది, నీళ్లు ఎక్కువైతే గట్టుకట్టి ఆగుతాయి. కొద్దిగా గరుకున్న కోల్డ్ ప్రెస్ మీద పూత సాఫీగా పరుచుకుంటుంది: దాక, చేట, కొబ్బరి చిప్ప దీనికి. చెంబుకు రెండూ పనికొస్తాయి. మొదటి చెంబుకైతే మా ఓటు కోల్డ్ ప్రెస్‌కే, పూత సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. బాగా గరుకైన రఫ్ కాగితం ఈ పనికి వద్దు.

బరువు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) తీసుకోండి. 200 జీఎస్ఎం కాగితం తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది, ఆ గుంటల్లో రంగు నిలిచి మరకలు కడుతుంది. 300 అయినా నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో పలకకు అంటించి, పూర్తిగా ఆరాకే తీయాలి. టేపును పైకి కాక, కాగితానికి ఆనించి వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే పొర లేవదు.

కొత్త కాగితం కొన్నప్పుడు అయిదు సెంటీమీటర్ల పట్టీ కోసి పరీక్షించండి. అంతటా అల్ట్రామెరైన్ పూయండి, ఆరనివ్వండి. సగం మీద పలుచని పసుపు ఒక్క తడుపులో లాగండి. నీలం లేచి పసుపులో కలిస్తే ఆ కాగితం పూతల పనికి కాదు. మిగతా సగంలో ఒక చోట రబ్బరుతో రుద్ది, ఒక చోట టేపు అంటించి తీసి, మళ్లీ రంగు పూయండి. రుద్దిన చోట ముదురు మచ్చ పడితే జిగురు పూత బలహీనమని అర్థం. పాత కాగితానికి ఈ పరీక్ష తప్పనిసరి. బరంపురం, గోపాల్‌పూర్ తీరంలో రెండు మూడు వానాకాలాలు తెరిచి ఉంచిన కాగితంలో జిగురు అక్కడక్కడా చచ్చిపోతుంది, ఆ చోట్ల రంగు అద్దుడు కాగితంలో ఇంకినట్టు ఇంకుతుంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు, గీత సాధనకు వాడుకోవడమే.

తడి మీద తడా, పూత మీద పూతా?

సూక్ష్మంగా వేసే పనికి జవాబు ఎక్కువగా రెండోదే: పలుచని పూత, ఆరనివ్వడం, దాని మీద మరొకటి. తడి కాగితం మీద తడి రంగు వదిలే పద్ధతి మొదటి పూతకు, వంకాయ మీది మెత్తని మెరుపుకు, పడిన నీడ దూరపు అంచుకు వాడుకోండి. ఆఖర్న దాదాపు పొడి కుంచెతో చిన్న చిన్న గీతలు అల్లడం మూడోది. వెదురు నారలు, కొబ్బరి పీచు అలాగే వస్తాయి.

పూతల పద్ధతిలో ఓడేది ఓపిక దగ్గరే. సగం ఆరిన పూతలోకి తడి ఎక్కువున్న కుంచె తగిలితే ఆ నీళ్లు రంగును బయటికి తోసి, గోబీపువ్వు అంచులాంటి మరక కడతాయి. ఆరిందా లేదా కంటితో తేల్చుకోవద్దు. చేతి వెనక భాగం కాగితానికి దగ్గరగా తెచ్చి, తగిలీ తగలనట్టు ఆనించండి, చల్లగా ఉంటే లోపల ఇంకా తడి ఉంది. వేసవి మధ్యాహ్నం నిమిషాల్లో ఆరే పూత, వానాకాలంలో తీరం వైపు చాలాసేపు చల్లగానే తగులుతుంది. ఫ్యాను నేరుగా తిప్పితే ఒక వైపు ముందు ఆరి గీత కడుతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, అయితే పూత మెరుపు పోయి మందంగా మారాకే, చెయ్యెడు దూరం నుంచి. వానాకాలంలో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని వేయడం అన్నిటికన్నా మేలు, ఒకటి ఆరేలోగా రెండోదాని మీద పని.

ఎండాకాలం చిక్కు వేరు. పూత మధ్యలోనే అంచు ఆరిపోతుంది. ముక్క చిన్నదిగా తీసుకోవడం, పొద్దున్నే కూర్చోవడం తప్ప మందు లేదు. కోరాపుట్ పీఠభూమి మీద ఉండేవారికి ఈ బాధ తక్కువ.

చిన్న తెల్ల చుక్కలు వదలడానికి మాస్కింగ్ ఫ్లూయిడ్ (పూసిన చోట రంగు అంటకుండా ఆపి, తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం) వాడాలా అంటే, చేట పట్టీలకు వద్దు, చెంబు మీది రెండు మూడు సూది మెరుపులకు సరే. దాన్ని మంచి కుంచెతో ముట్టుకోవద్దు, అగ్గిపుల్ల చాలు. పూసిన రోజే తీసేయాలి. వేడికి ఎండి రెండు మూడు రోజులుంటే కాగితం పొరతో సహా ఊడుతుంది. అది ఉండగా డ్రయ్యర్ పెట్టినా అంతే. ఆఖర్న తెల్ల గువాష్ (వెలుగును అడ్డుకునే చిక్కటి నీటిరంగు) చుక్క పెట్టడం తప్పని కొందరంటారు. పైన చెప్పిన గడ్డిపెళ్లలోనే డ్యూరర్ చిక్కటి రంగు వాడాడు. తప్పేమీ లేదు. కాకపోతే కాగితపు తెలుపు వెచ్చగా, గువాష్ తెలుపు సుద్దలా ఉంటుంది, అందుకే పెద్ద మెరుపు కాగితంతో, చుక్క గువాష్‌తో.

రంగులు: ఎన్ని కాదు, ఏవి

స్టేషనరీ దుకాణంలో ముందు కనిపించేవి పోస్టర్ కలర్లు. అవి వెలుగును అడ్డుకునే చిక్కటి రంగులు, పూతల పనికి రావు. బడి పిల్లల కేకులు కొంత నయం, కానీ పూరక పదార్థం ఎక్కువ, రెండో పూతకే పాలిపోయినట్టు అవుతాయి. కోట్మన్ లాంటి విద్యార్థి శ్రేణి ట్యూబులతో గంభీరమైన పని చేయవచ్చు. వైట్ నైట్స్ లాంటివి ఆపై మెట్టు. ఇరవై నాలుగు రంగుల పెట్టె కన్నా మంచివి ఆరు మేలు. ఎంచుకునేటప్పుడు పేరు కాదు, ట్యూబు మీది వర్ణకం (రంగునిచ్చే పొడి) సంకేతం చూడాలి. పేర్లు కంపెనీకొకటి, సంకేతం అందరికీ ఒకటే.

మా ఆరు: పసుపుకు పీవై 154, ఎల్లో ఓకర్ పీవై 42, గులాబీ ఎరుపుకు పీవీ 19, బర్న్ట్ సియెన్నా పీబీఆర్ 7, అల్ట్రామెరైన్ పీబీ 29, థాలో నీలం పీబీ 15:3. బర్న్ట్ సియెన్నాను కొన్ని కంపెనీలు పీఆర్ 101తో చేస్తాయి, అది కాస్త ఎర్రగా ఉంటుంది, పనికొస్తుంది. వంకాయ ఊదా పీవీ 19, పీబీ 29 కలిపితే, దాని చీకటి అందులోనే థాలో చేరిస్తే వస్తుంది. నలుపుకు బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ చిక్కగా. ఒక మిశ్రమంలో మూడు వర్ణకాలు దాటితే బురద మొదలవుతుంది. అందుకే ఒక్కొక్క ట్యూబులో ఒక్క వర్ణకమే ఉన్నవి చూసుకోండి.

రెండు రంగులు మాత్రం కొనకండి. పీఆర్ 83 తో చేసిన అలిజరిన్ క్రిమ్సన్, మెరిసిపోయే ఓపెరా పింక్. రెండూ వెలుతురుకు వెలిసిపోతాయి. గోడకు తగిలించిన బొమ్మలో పట్టుచీర ఎరుపు ఒక్కటే మాయమై మిగతావన్నీ నిలిచి ఉండటం కన్నా బాధ లేదు.

ట్యూబా, గట్టి రంగుబిళ్లా అంటే తీరప్రాంతానికి గట్టి బిళ్లలే. తేనె కలిపిన రంగులు వానాకాలమంతా జిగటగా ఉండి, పెట్టె వంచితే ఒకదాన్లోకి ఒకటి పాకుతాయి. ఏవైనా సరే, పని అయ్యాక తడి పెట్టె మూయకండి. రాత్రంతా దోమతెర గుడ్డ కప్పి ఆరనివ్వండి, లేకపోతే వారంలో బూజు.

కుంచె

సూక్ష్మమైన పని అనగానే 000 కుంచె కొంటారు. దాని పొట్టలో రంగు నిలవదు, గీత సగంలో ఎండుతుంది, మళ్లీ ముంచాలి, కలిసిన చోట మచ్చ. మొన బాగున్న 4 లేదా 6 నంబరు గుండ్రటి కుంచె అదే గీతను ఒక్క లాగులో పూర్తి చేస్తుంది. మొన సన్నదనం వెంట్రుకల కొసలో ఉంటుంది, నంబరులో కాదు. 6 ఒకటి, 2 ఒకటి, రంగు ఎత్తడానికి చవకైన సింథటిక్ చదును కుంచె ఒకటి. ఇంకేమీ అక్కర్లేదు. నంబర్లు కంపెనీని బట్టి మారతాయి, అందుకే దుకాణంలో నీళ్లు అడిగి తడిపి, ఒక్కసారి విదిలించి చూడండి. వెంట్రుకలన్నీ ఒకే మొనకు చేరాలి.

కొలిన్‌స్కీ సేబుల్ (జంతువు తోక వెంట్రుకల కుంచె) నీళ్లు ఎక్కువ పట్టి మెల్లగా వదులుతుంది, మొన ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఖరీదు ఎక్కువ. సింథటిక్ మొన కొన్ని నెలల్లో కొక్కెంలా వంగుతుంది, అప్పుడు దాన్ని రంగులు కలపడానికి మార్చేసి కొత్తది కొనుక్కోవచ్చు. మొదటి ఏడాదికి సింథటిక్ చాలు, ఆ మిగిలిన డబ్బు కాగితానికి. ముంగిస వెంట్రుకల కుంచెలు ఎవరైనా చూపిస్తే కొనకండి: ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు, ఆ కుంచె అమ్మడం, కొనడం రెండూ నేరమే. సేబుల్‌ను పురుగు కొడుతుంది, బాగా ఆరాకే మూతపెట్టెలో పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ గొట్టం తొడిగితే లోపలి జిగురు వదులై వెంట్రుకలు ఊడతాయి.

ఎదురుగా వస్తువా, ఫోన్లో ఫొటోనా?

వస్తువే. ఫొటోలో నీడలన్నీ ఒకే నలుపు, మెరుపులన్నీ ఒకే తెలుపు. మన కన్ను ఆ నలుపులో చూడగలిగే నీలం, గోధుమ అందులో ఉండవు. చెంబును ఎదురుగా పెట్టుకుని గంట చూసినవారికి కనిపించేది ఫొటో చూసి వేసేవారికి ఎప్పటికీ దొరకదు, ఈ పని పెట్టుకోవడమే ఆ చూపు కోసం. వాడిపోయే వాటికీ, మధ్యలో కదిపేసిన వస్తువును మళ్లీ అదే చోట పెట్టడానికీ ఫొటో తీసి ఉంచుకోండి. ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ముందు వైపు పొట్ట ఉబ్బుతుంది. ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీయండి.

వెలుతురుకు ఉత్తరపు కిటికీ మేలు, రోజంతా పెద్దగా మారదు. కుడిచేతివాటం వారికి ఎడమ నుంచి రావాలి. ఎండ నేరుగా పడే కిటికీ అయితే రోజూ అదే గంటలో కూర్చోవాలి, నీడ అంచు మొదటి రోజే గీసేసి తర్వాత ఎంత జరిగినా మార్చకూడదు. రాత్రి పూట వేసేవారు దుకాణంలో మామూలుగా ఇచ్చే 6500 కెల్విన్ తెల్ల బల్బు వద్దనండి, దాని కింద ఇత్తడి పచ్చబడుతుంది. 5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన అని ఉన్నది అడగండి. వస్తువు మీదికి ఒకే దీపం. పైన ట్యూబులైటు కూడా వెలిగితే రెండు నీడలు పడి ఆకారం విడిపోతుంది.

అయ్యాక

చెడిన చోటు బాగుచేయడానికి మొత్తం ఆరేదాకా ఆగి, చదును కుంచెను శుభ్రమైన నీళ్లలో ముంచి పిండి, మచ్చ మీద రెండు మూడు సార్లు నడిపి, గుడ్డతో అద్దండి. రుద్దొద్దు. అల్ట్రామెరైన్, ఓకర్ లేస్తాయి, థాలో నీలం కాగితానికి పట్టేసుకుంటుంది. దాన్ని ఎక్కడ వేస్తున్నారో ముందే తెలిసి ఉండాలి. వంకర తిరిగిన కాగితాన్ని బోర్లా వేసి, వెనక వైపు స్పాంజితో కొద్దిగా తడి చేసి, తెల్ల కాగితాల మధ్య పెట్టి, రాత్రంతా బరువు పెడితే చదునవుతుంది.

ఫ్రేమా, ఫోల్డరా? తీరం వైపు ఇళ్లలో అద్దం కాగితానికి ఆనితే వానాకాలం చెమ్మకు అంటుకుపోయి బూజు పడుతుంది, కాబట్టి మధ్యలో మౌంటు అట్ట తప్పనిసరి, అది ఆమ్లం లేనిదై ఉండాలి. వాన కొట్టే బయటి గోడకు తగిలించవద్దు. అన్నీ ఫ్రేము కట్టించే స్తోమత లేకపోతే ప్లాస్టిక్ కవర్లలో కాక ఆమ్లరహిత కాగితం మధ్య పేర్చి, మూతగట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. పొట్లం రంగు మారితే ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఎవరికైనా పంపాలంటే ఫ్రేము కట్టకముందే నకలు తీసుకోండి. స్కానరులో గీతలు పదునుగా వస్తాయి కానీ మరీ పలుచని మొదటి పూతలు తెలుపులో కలిసిపోతాయి. ఫోను కెమెరాతో అయితే వరండా నీడలో బొమ్మను నిలువుగా ఆనించి, పక్కనే ఒక తెల్ల కాగితం ముక్క కనిపించేలా తీసి, తర్వాత ఆ తెలుపు తెల్లగా కనిపించేదాకా రంగు సరిచేసుకోండి. చెంబు లాంటి పలుచని ఓకర్ పూతలున్న బొమ్మలకు ఫోను, చేట లాంటి గీత బొమ్మలకు 600 డీపీఐ స్కాను.